ఎవ్దోకియాకి పడవ లేదు

శుక్రవారం మధ్యాహ్నం పోర్ట్ సయీద్ రేవులో మెలకువగా ఉండేది సముద్రమూ నేనూ మాత్రమే. మిగతా ఊరు ఊరంతా నమాజులో ఉంటుంది. నేను కోప్టు క్రైస్తవుణ్ణి కాబట్టి, నలభై ఏళ్ళుగా మా ఓడల ఏజెన్సీలో ఆ రెండు గంటలూ నా నెత్తినే పడ్డాయి. "విస్సా మాస్టారు ఉన్నాడుగా" అని అందరూ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. రిటైరయ్యాక కూడా శుక్రవారాలు వదల్లేదు. ఇంట్లో ఉంటే మా ఆవిడ బీన్సు గింజలు ఏరమంటుంది.

నేను చదివింది భౌతికశాస్త్రం, అలెగ్జాండ్రియాలో, చాలా కాలం కిందట. ఆ చదువు నాకు కూడు పెట్టలేదు గానీ ఒక గుణం అంటించింది. చీకటికి జంకను, శ్మశానానికి జంకను. ఉండాల్సిన చోట అంకె లేకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. ఇది అలాంటి ఒక అంకె గురించిన కథ. భయపడాలని కూర్చున్నవాళ్ళు భయపడొచ్చు. నేను మాత్రం భయపెట్టడానికి రాయడం లేదు, ఒక పని చెయ్యమని చెప్పడానికి రాస్తున్నాను.

ముందు పడవల సంగతి చెప్పాలి. కాలువలోకి దిగే ప్రతి ఓడా మా రేవులో ఒక మోకుల పడవని, ఇద్దరు మనుషుల్ని పైకెక్కించుకుంటుంది. దారిలో ఓడ ఆగాల్సివస్తే మోకులు పట్టుకెళ్ళి గట్టుకి కట్టేది వాళ్ళే. మా చివర ఎక్కి, సువేజ్ చివర దిగుతారు. ఎవరు ఎక్కాలనేది వంతు ప్రకారం. ఓడ పేరు పెట్టి పిలిస్తే, వంతున్నవాడు లేవాల్సిందే. గాలి అనీ, జ్వరమనీ, పెళ్ళి అనీ ఉండదు. వంతు తప్పినవాడు పోసిన టీ మా రేవులో ఎవరూ తాగరు.

1996 డిసెంబరులో ఎవ్దోకియా అనే గ్రీకు సరుకు ఓడ అలలు విరిగే గోడకి పన్నెండు మైళ్ళ అవతల నిలబడి పడవ అడిగింది. తుఫాను. రేవు మూసేశారు. టెలెక్స్ దగ్గర కూర్చున్నది నేనే. మా ఊళ్ళో వచ్చినవాడికి 'లేదు' అని మొహం మీద చెప్పం. అప్పిచ్చినవాడికీ చెప్పం, పిల్లనడిగినవాడికీ చెప్పం. 'రేపు, దేవుడి దయ' అంటాం. అవతలివాడికి అర్థమవుతుంది, పరువు నిలుస్తుంది. నేనూ అదే కొట్టాను: 'పడవ రేపు, దేవుడి దయ.' ఆ మాట నమ్మి ఓడ అక్కడే ఆగింది. తెల్లారేసరికి లేదు. పంతొమ్మిది మంది.

నాలుగు నెలలకి టెలెక్స్ కదిలింది. ఎవ్దోకియా, రేవు బయట ఉన్నాం, పడవ కావాలి. వంతున్న ఇద్దరూ ఆ పేరు ఎక్కడ విన్నామా అని ఆలోచించేలోపే పడవ దించారు. వంతు అలాంటిది. సాయంత్రానికి పడవ ఒక్కటే తిరిగొచ్చింది. అడుగున చుక్క నీళ్ళు లేవు.

ఆ తర్వాత ఆ పేరుతో కాగితం వస్తే నేనే చింపి జేబులో పెట్టుకునేవాణ్ణి. 2003లో మెయిల్ సర్వర్ పెట్టారు. పడవవాళ్ళు తెర చూడరని, ఓడల అభ్యర్థనలు నేరుగా రేవు షెడ్డులో ప్రింటరు మీద పడే ఏర్పాటు చేశారు. మధ్యలో నా చెయ్యి లేకుండా పోయింది. అందుకని ఆ పెద్దవయసులో పుస్తకాలు కొనుక్కుని నేర్చుకుని, సర్వర్ సెట్టింగుల్లో ఒక పంక్తి రాశాను: ఎవ్దోకియా పేరుతో వచ్చేది లోపలికి రానివ్వకు.

ఇక్కడే మొదటి పొరపాటు చేశాను. మెయిల్ ప్రోగ్రామ్ తన సెట్టింగుల ఫైలుని తనే ఒక అచ్చులో పోత పోసుకుంటుంది. అప్‌డేట్ వచ్చిందంటే కొత్త అచ్చు, కొత్త పోత. మనం చేత్తో రాసింది ఇసుక మీద రాతే. 2009లో అప్‌డేట్ వచ్చింది, నా పంక్తి పోయింది. ఆ మధ్యాహ్నం షెడ్డులో కాగితం పడింది. జతగాడు టీకి వెళ్ళాడని సుబ్హీ ఒక్కడే పడవ దించాడు. సుబ్హీ అంటే మా సరంగు షతాకి తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్ళు. పోర్ట్ సయీద్‌లో అంత బాగా సిమ్సిమియా వాయించేవాడు లేడు.

పడవ తిరిగొచ్చింది. అది ఎప్పుడూ తిరిగొస్తుంది.

తర్వాత తెలుసుకున్నాను. అప్‌డేట్ తొక్కని ఫోల్డర్ ఒకటి ఉంటుంది. అచ్చుకి నకలు తీసి అందులో పెట్టి, మార్పు ఆ నకల్లో రాసుకుంటే, ప్రోగ్రామ్ ముందు దాన్ని చూస్తుంది. ఎన్ని అప్‌డేట్లు వచ్చినా దాని జోలికి పోదు. రాశాను. పద్నాలుగేళ్ళు నిలిచింది. ఎందుకు రాశానో మాత్రం పక్కన ఒక్క ముక్క రాయలేదు. ఏమని రాస్తాను? సిగ్గేసింది.

నిరుడు ఏప్రిల్‌లో సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చడానికి కైరో నుంచి హాజెం అనే ఇంజినీరుని పిలిపించారు. నలభై దాటినవాడు, పొట్ట, నవ్వు మొహం. ఎవరూ మెయిల్ పంపని సమయం కాబట్టి ఇలాంటి పనులు మేము శుక్రవారం నమాజు వేళే పెట్టుకుంటాం.

"నువ్వు వెళ్ళవా నమాజుకి?" అన్నాను.

"ప్రయాణికుణ్ణి బాబాయ్ గారూ. మాకు మినహాయింపు ఉంది."

"కైరో నుంచి మూడు గంటల ప్రయాణానికి కూడానా?"

"మా బస్సు ఎక్కి చూడండి, మీరే ఫత్వా ఇస్తారు."

మాకు ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాలు నడుస్తున్నాయి. గుడ్డు లేదు, వెన్న లేదు. నేను నూనె వేసిన బీన్సు తింటుంటే అతను జున్ను రొట్టె నా ముక్కు కింద ఊపాడు. "ఒక్క ముక్క కొరకండి. ఈ దుమ్ములో దేవుడికి మీరెక్కడ కనిపిస్తారు?"

ఆ మాట నిజమే. పొద్దుటి నుంచి ఖమాసీను గాలి వీస్తోంది. ఏటా ఆ యాభై రోజుల్లో ఎడారి లేచొచ్చి ఊళ్ళోకి నడుస్తుంది. పన్నెండున్నరకి కిటికీ పసుపుగా ఉంది. ఒంటిగంటకి ఇటుక రంగు. తర్వాత దీపం వెయ్యాల్సివచ్చింది. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతోంది. మసీదు మైకులోంచి ఖుత్బా ప్రసంగం వినిపించి, గాలి తిరిగినప్పుడల్లా మాయమవుతోంది. అలాంటి రోజు ఏ వాసనా రాదు, ఎండిన మట్టి తప్ప. నేను అరవై ఖమాసీనులు చూశాను. ఆ రోజు మాత్రం మట్టితో పాటు ఇంకో వాసన వచ్చింది. చాలాకాలం నీళ్ళలో నానిన మోకు వాసన. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

"అయిపోయింది" అన్నాడు హాజెం వేళ్ళు విరుచుకుంటూ. "అద్దంలా ఉంది. ఒక పాత చెత్త అడ్డం పడింది గానీ, ఊడ్చేశాను."

"ఏం చెత్త?"

"మార్పుల ఫోల్డర్లో ఎవడో మొత్తం అచ్చు నకలు పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళ నాటిది. కొత్త వెర్షన్‌కి అది పడదు. ఎందుకు పెట్టాడో ఒక్క ముక్క రాసి చావలేదు. తీసేశాను."

నా నోట్లో బీన్సు అలాగే ఉండిపోయాయి.

"పెట్టింది నేనే."

"అయ్యో! చావలేదు అన్నాను, క్షమించండి. దేవుడు మీకు..."

"సర్వర్ లేచిందా?"

"ఐదు నిమిషాలయింది. ఒక మెయిల్ కూడా వచ్చింది చూడండి, శుక్రవారమని కూడా చూడకుండా." తెర నా వైపు తిప్పాడు. అతని నవ్వు మెల్లగా సర్దుకుంది. "ఇదేంటి... పంపిన యంత్రం చిరునామా ఉండాలే ఇక్కడ. నాలుగు అంకెలు. ఈ గడి ఖాళీగా ఉంది. అలా ఖాళీగా ఉండటానికి వీల్లేదు బాబాయ్. ఎక్కణ్ణుంచో ఒకచోట నుంచి రావాలి కదా..."

పంక్తి చివర ఓడ పేరు చదివాను. అప్పటికే మెయిల్ షెడ్డుకి చేరింది. ఆ రోజు వంతు ఎవరిదో నాకు తెలుసు.

మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. మోకాళ్ళు గుర్తు పెట్టుకున్నాయి, నెల్లాళ్ళు. వీధి దాటితే షెడ్డు. ఆ ఇరవై గజాలూ గోడ పట్టుకుని నడిచాను. చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించడం లేదు. షెడ్డు తలుపు తెరిచే ఉంది. చాప మీద షతా నమాజు చేసుకున్న గుర్తు. జతగాడు మసీదుకి వెళ్ళాడు. ప్రింటరు ట్రే ఖాళీ. అందులో నీళ్ళు... వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాను. ఉప్పు.

అవతల పడవ ఇంజను దగ్గింది.

"సరంగూ! ఆపు!"

షతా పడవలో నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, తుమ్మ మొద్దులా ఉంటాడు. ఒక చేతిలో తడిసిన కాగితం. రెండో చేత్తో కట్టు విప్పుతున్నాడు.

"గాలిలో ఎందుకొచ్చారు మాస్టారూ? ఆయాసం మనిషి మీరు."

"ఆ కాగితం ఇలా ఇయ్యి."

"ఇవ్వను. పిలిచింది. వంతు నాది."

"అదెవరో తెలియదా నీకు?"

"ఎందుకు తెలియదు? పద్నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను. ఎప్పుడు పిలుస్తుందా, ఆ రోజు వంతు నాది అవుతుందా అని." గొంతు తగ్గించాడు, ఎవరో వింటున్నట్టు. "సుబ్హీ దాని మీద ఉన్నాడు మాస్టారూ. వాడి వంతు ముగియలేదు. దించేవాళ్ళు లేరు. అన్నని, నేనే వెళ్ళకపోతే ఎవడు వెళ్తాడు?"

నేను ఒక వెధవ పని చేశాను. గట్టు మీద కూర్చుని, కాళ్ళు వేలాడేసి, పడవలోకి జారిపడ్డాను.

"ఏంటిది! దిగండి!"

"దిగను. నాకు ఈత రాదు, నీకు తెలుసు. పట్టుకెళ్తే ఇద్దర్నీ పట్టుకెళ్ళు. మా ఆవిడకి నువ్వే చెప్పుకో."

"అమ్మో, ఆవిడకా?" అన్నాడు, అలవాటు కొద్దీ. నవ్వబోయి ఆగాడు.

ఎందుకంటే అప్పుడే శబ్దం వచ్చింది. దగ్గర్లో... చాలా దగ్గర్లో. లంగరు గొలుసు ఒక్కొక్క లంకే దిగుతున్న శబ్దం. మసీదు మైకు ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. దుమ్ము మాత్రం అలాగే నిలబడి ఉంది, గోడలాగా. ఆ గోడలోంచి నల్లని తాడు ఒకటి గిరికీలు కొడుతూ వచ్చి పడవ ముక్కు మీద పడింది. ఓడవాళ్ళు పడవకి విసిరే తాడు. తడిగా ఉంది. ఎవరో అవతల పట్టుకుని ఉన్నట్టు బిగిసింది.

కట్టు ఇంకా సగం గూటానికే ఉంది. అయినా పడవ కదిలింది...

షతా వంగి తాడు పట్టుకున్నాడు. తెంచడానికి కాదు. మెల్లగా చేతికి చుట్టుకుంటున్నాడు. "వెచ్చగా ఉంది మాస్టారూ" అని గుసగుసలాడాడు. "మనిషి పట్టుకున్నట్టే..."

కాగితం అతని చేతిలోంచి జారి నా ఒళ్ళో పడింది. చదివాను.

'ఎవ్దోకియా. రేవు బయట ఉన్నాం. పడవ కావాలి. ప్రతిసారీ తర్వాత రమ్మన్నారు. వచ్చాం.'

ప్రతిసారీ తర్వాత రమ్మన్నారు.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మెయిల్ సర్వర్ దగ్గర తిప్పిపంపడానికి రెండు రకాల జవాబులున్నాయి. నాలుగుతో మొదలయ్యే అంకె అంటే 'ఇప్పుడు కాదు, తర్వాత రా'. అయిదుతో మొదలయ్యేది 'వద్దు, ఇక రాకు'. నా పంక్తిలో నేను రాసింది నాలుగు. చచ్చినవాళ్ళకి కూడా 'లేదు' అని చెప్పలేని ఊరివాణ్ణి మరి. పద్నాలుగేళ్ళు, నాలుగేసి గంటలకోసారి, అది వచ్చి తలుపు తడుతూనే ఉంది. నా సర్వర్ మర్యాదగా 'రేపు' అంటూనే ఉంది. పంతొమ్మిది మందిని తుఫాను చంపింది. వాళ్ళని తిప్పుతున్నది మాత్రం నా మర్యాద.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద, నా మీద, ఆ రేపు మీద. ఫోను తీశాను.

"హాజెం, ఆ మార్పుల ఫోల్డరు ఉందా?"

"ఉంది బాబాయ్. మీరెక్కడున్నారు? ఇక్కడ గోడ లోపల్నుంచి ఏదో గొలుసు..."

"గొలుసు సంగతి వదిలెయ్. నకలంతా వద్దు. కొత్త చిన్న ఫైలు. ఒకే పంక్తి. ఎవ్దోకియా నుంచి వచ్చేదానికి జవాబు అయిదు వందల యాభై."

"అంటే శాశ్వతంగా..."

"అంటే వద్దు అని. రాయి!"

"పక్కన వివరణ ఏం పెట్టను?" ఆ భయంలో కూడా పనివాడు పనివాడే.

"ఈ ఓడకి పడవ ఇవ్వకూడదు, ఇస్తే మనిషి తిరిగిరాడు. కింద నా పేరు పెట్టు."

టకటకమని మీటల శబ్దం. పడవ ముక్కు నీళ్ళలోకి వంగుతోంది. షతా మోచేతి దాకా తాడు చుట్టుకుంది. నేను అతని నడుం పట్టుకుని, దుమ్ము గోడ వైపు మొహం పెట్టి అరిచాను. డెబ్భై రెండేళ్ళలో అంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు.

"నీకు ఇక్కడ పడవ లేదు! ఇవాళ లేదు! రేపు లేదు! ఎప్పటికీ లేదు! నేనే చెబుతున్నాను, విస్సాని! ఆ రోజు రేపు అన్నది నేనే, అబద్ధం చెప్పాను! వెళ్ళిపో!"

"అలా అనకండి..." షతా ఏడుస్తున్నాడు. "తమ్ముడున్నాడు... అలా అనకండి..."

"తమ్ముడికీ అదే మాట! సుబ్హీ, మీ అన్నని వదులు!"

ఫోన్లో హాజెం: "పెట్టాను. సర్వర్ మళ్ళీ లేపుతున్నాను... లేచింది... వచ్చింది బాబాయ్, మళ్ళీ వచ్చింది... వద్దు అంది. పోయింది."

తాడు వదులైంది.

ఒక్కసారిగా కాదు. వేలు తర్వాత వేలు తీసినట్టు, నెమ్మదిగా. షతా చేతి మీంచి దానంతటదే జారి నీళ్ళలోకి పాక్కుంటూ పోయింది. గాలి మళ్ళీ మొదలైంది. మసీదులోంచి జనం చెప్పులు వెతుక్కుంటున్న సందడి వినిపించింది. షతా పడవ అడుగున కూలబడి చాలాసేపు తన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మాత్రం టీ పోసిచ్చి, "మీ గొంతు బొంగురు మాస్టారూ, దెయ్యాలు పారిపోక ఏం చేస్తాయి" అన్నాడు. ఆ టీ తాగాను.

హాజెం మూడుసార్లు అప్‌డేట్ చేసి చూపించాడు. పంక్తి చెక్కుచెదరలేదు. మా సర్వర్ దగ్గరికి అది మళ్ళీ రాలేదు.

కథ ఇక్కడ ఆపుదామనే అనుకున్నాను. కానీ ఒక తలుపు మూస్తే బిచ్చగాడు పక్క తలుపు తడతాడు. అందుకని మా రేవులో ఉన్న ఏజెన్సీలన్నిటికీ తిరిగాను. ముసలాడికి మతి పోయిందన్నారు. ఒకడు "కోప్టుల దెయ్యమా, మా దెయ్యమా?" అని అడిగాడు. "గ్రీకుది, సున్నం కొట్టిన మీ మొహాలు చూస్తే జడుసుకుంటుంది, అయినా రాయండి" అన్నాను. నవ్వారు గానీ రాశారు. పెద్ద ఫైల్లో కాకుండా, అప్‌డేట్ చెయ్యి పడని ఫోల్డర్లో, ఒక్క పంక్తి, పక్కన కారణం. ప్రతిచోటా నేను వెనక నిలబడి అయిదు అంకె చూసుకున్నాకే కదిలాను.

పోయిన మంగళవారం సువేజ్ నుంచి ఫోనొచ్చింది. కాలువకి అవతలి చివర. అక్కడి ఏజెన్సీలో పనిచేసే ఒక అమ్మాయికి నా సంగతి ఎవరో చెప్పారట.

"పెద్దాయనా, మీరు చెప్పే ఓడ పేరుతో మెయిల్ వచ్చింది. కాలువ దాటేశాం, మీ చివర లంగరు వేశాం అంటోంది."

మా చివర ఏ పడవా ఎక్కలేదు. పడవ ఎక్కకుండా ఏ ఓడా కాలువలోకి దిగదు.

"పడవ అడిగిందా?" అన్నాను.

"లేదండీ. మనుషుల్ని దించుకోమంటోంది. పోర్ట్ సయీద్ మోకులవాళ్ళు ఉన్నారట. మా పడవవాళ్ళు బయల్దేరదామంటున్నారు. ఏం చెయ్యను?"

నా కళ్ళ ముందు షతా కదిలాడు. అయినా చెప్పాను. "వద్దని రాయి తల్లీ. అయిదుతో మొదలయ్యే అంకె. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను."

రాసింది. పడవలు కదల్లేదు. ఇంకెక్కడ తడుతుందో నాకు తెలియదు. జిద్దా, ఏడెన్, ఎక్కడైనా కానివ్వండి, ఓడల మెయిల్ వచ్చే ప్రతిచోటా ఆ పంక్తి ఉండేదాకా నేను ఫోన్లు చేస్తూనే ఉంటాను. నా నోట ఇక రేపు అనే మాట రాదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఫోను పెట్టేముందు ఆ అమ్మాయిని అడిగాను, ఎంతమంది ఉన్నారంది అని. టెలెక్స్ రోజు పోయినవాళ్ళు ఇద్దరు, సుబ్హీ ఒకడు. ముగ్గురు. అదే రాత్రి రేవుకి వెళ్ళి, వంతుల పట్టిక పట్టుకుని, షతాతో సహా ప్రతి మనిషినీ మొహం చూసి, భుజం తట్టి లెక్కపెట్టాను. ఒక్కరూ తగ్గలేదు.

మెయిల్లో మాత్రం నలుగురు అని ఉంది.